ఫోను చదివిన ముఖం

మైదుకూరులో మా స్టూడియోకు వచ్చే మగవాళ్లందరికీ ఒకటే కోటు. నల్లది. కంప్యూటర్లో ఉంటుంది. మనిషి బనీనుతో వచ్చినా, పొలం నుంచి టవలు భుజాన వేసుకుని వచ్చినా, మెడ దగ్గర కత్తిరించి ఆ కోటు మీద కూర్చోబెట్టడం నా పని. నీలం టై దానికే అతుక్కుని వస్తుంది. ఇస్త్రీ అక్కర్లేదు, ఎవరి కొలతకైనా సరిపోతుంది. ఎండాకాలంలో చెప్పులు తారుకు అతుక్కునే మా ఊళ్లో నిజం కోటు వేసుకుని తిరిగిన మగాణ్ని నేనింతవరకు చూడలేదు. పెళ్లి సంబంధాల కాగితాల్లో మాత్రం మా చుట్టుపక్కల పిల్లగాళ్లంతా కోట్లలోనే ఉంటారు.

కోటు తొడిగే ముందు ముఖం కడగాలి. నీళ్లతో కాదు, మౌసుతో. మొటిమ, మచ్చ, కంటి కింది నలుపు, అన్నీ తుడిచేసి రంగు కాస్త పెంచుతాను. ఇది ఎవరూ అడగక్కర్లేదు. హోటలువాడు బల్ల తుడిచి టిఫిను పెట్టినట్టు, నేను ముఖం తుడిచి ఫోటో ఇస్తాను. అలా తుడవడం అబద్ధమని నాకెప్పుడూ అనిపించలేదు. తుడవకపోతేనే పనిదొంగ అంటారు.

నా చదువు తొమ్మిదో తరగతి. అది కూడా పూర్తిగా కాదు. "నువ్వు బడికి వస్తే మిగతావాళ్లకు చదువు రాదు" అని లెక్కల సారు అన్నారు. ఆయన మాట మీద గౌరవంతో మానేశాను. అప్పటినుంచి నోరే నా సర్టిఫికెట్టు. నవ్వించినంతసేపు మన చదువెంత అని ఎవరూ అడగరు.

అలాంటి నా కొట్టుకు ఒక టీచరమ్మ వచ్చింది. హైస్కూల్లో సోషల్ చెబుతుంది. పుట్టుకతోనే చూపు లేదు. ఆమె ఫోను ఆమెకు అన్నీ చదివి పెడుతుంది. ఆ గొంతు వేగం వింటే వేలంపాట గుర్తొస్తుంది. నాకు ఒక్క ముక్క అర్థం కాదు, ఆమెకు మాత్రం కామాలు కూడా వినిపిస్తాయి. చిక్కల్లా బొమ్మల దగ్గరే. పాఠం మధ్యలో బొమ్మ రాగానే ఫోను "బొమ్మ" అని చెప్పి ముందుకు పోతుంది. ఆ బొమ్మలో ఏముందో టీచరమ్మ పిల్లలనే అడగాల్సి వచ్చేది.

"బొమ్మ ఎనకాల రాత పెట్టొచ్చంట గదప్పా, ఫోను చదివేటట్ల. నీకొచ్చునా?" అని అడిగింది.

రాదు. కానీ మా వీధిలో "రాదు" అంటే గిరాకీ ఎదురు కొట్టుకు పోతుంది. "అదెంతపని మేడమ్" అన్నాను. ఆ పూటంతా ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. రాత పెట్టడం తేలికే. ఏం రాయాలన్నదే కష్టం. బొమ్మ చూసి నాలుగు వాక్యాలు రాయమంటే నాకు మళ్లీ పరీక్ష హాల్లో కూర్చున్నట్టు చెమటలు పట్టాయి. అప్పుడు ఏఐ దొరికింది. బొమ్మ ఇస్తే చాలు, గుక్క తిప్పుకోకుండా వర్ణన రాసిచ్చేది. ఎంత మర్యాదస్తురాలంటే ఎద్దును కూడా "నిలబడి ఉన్నారు" అనేది.

మొదట్లో నేను ప్రతి వర్ణనా బొమ్మ పక్కన పెట్టి సరిచూసేవాణ్ని. ఒకసారి మన సీమ సేద్యం మీద ఒక ఫోటో వచ్చింది. చేను గట్టున కడప బండలు నిలువుగా పాతిన కంచె. మా వైపు ఎక్కడ చూసినా అదే. ఏఐ దాన్ని చూసి "పొలం పక్కన వరుసగా నల్లని సమాధిరాళ్లు ఉన్నాయి" అని రాసింది. నేను దిద్ది, ఆ సంగతి టీచరమ్మకు చెప్పాను.

ఆమె విరగబడి నవ్వింది. "అయితే మన జిల్లా అంతా శ్మశానమే గదప్పా! దానికి ఒకసారి మన ఊరు చూపించు, పాపం."

"చూపిస్తే రాజీనామా చేస్తాది మేడమ్."

అలా మా ఇద్దరికీ మాటలు కలిశాయి. తర్వాత్తర్వాత ఏఐ తప్పులు తగ్గాయి, నేను సరిచూడటం కూడా తగ్గింది. చివరికి అది రాసింది తీసి అతికించడం ఒక్కటే మిగిలింది. కోటు అతికించినట్టే.

ఒకరోజు ఆమె పాఠాలు కాకుండా వేరే కాగితాలు తెచ్చింది. కాగితాలంటే ఫోనులో పీడీఎఫ్‌లు. వెంట వాళ్ల వదిన ఉంది. వదినను మా పక్క బట్టల కొట్లో చీరలు చూస్తుండమని పంపి, నా ముందు కుర్చీలో కూర్చుని గొంతు తగ్గించింది.

"నాకు సంబంధాలు వస్తాండాయప్పా. రాసింది ఫోను చదువుతాది. ఫోటో కాడికొస్తే మా వదిననే అడగాల. ఆమెకు నచ్చినోడైతే 'బాగుండాడమ్మా' అంటాది. నచ్చకుంటే 'పర్వాల్యా' అంటాది. ముక్కూ మూతీ ఎట్లుండాయో ఒక్కనాడూ చెప్పలేదు. ఆమె కండ్లతో నేనెట్ల చేసుకునేది మనువు? నాకు రాసియ్యి. ఒక్కదాన్నే కూచ్చోని చదువుకుంటా. ఎవరూ చెప్పకముందే నాకు తెలియాల."

ఆ చివరి మాటప్పుడు ఆమె నవ్వలేదు. నవ్వించడమే తెలిసిన నేను మాత్రం, "మీరు పెండ్లికొడుకులను దిద్దుతారని వాండ్లకు తెలుసునా మేడమ్? మార్కులు కూడా ఇస్తారా?" అన్నాను.

"ఫెయిలైనోడికి సప్లిమెంటరీ ఉండదని చెప్పు" అని లేచింది.

నాలుగైదు సంబంధాలు. ఫోటోలు ఏఐకి ఇచ్చాను, వర్ణనలు వచ్చాయి, అతికించి పంపాను. అది పెళ్లిళ్ల కాలం. కొట్టు ముందు పెళ్లి పత్రికల జనం, లోపల ప్రింటరులో ఇరుక్కున్న కాగితం. ఫోటోల మీద నా చూపు పడిందా అంటే పడింది. దారిలో పోయే బస్సు మీద పడినట్టు.

మర్నాడు ఆమె ఫోను. ఎత్తగానే నవ్వు.

"ఏమప్పా, ఈ మగోళ్లంతా ఒకే ఇంట్లో పుట్టినారా? అందరికీ నల్ల కోటు, నీలం టై, ఎనకాల లేత నీలం గోడ! అన్నదమ్ములు వంతులేసుకొని తొడుక్కుంటాండారా?"

నేను పగలబడి నవ్వాను. కోటు కథంతా చెప్పాను. చూపున్న ఆడపిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, పెళ్లిళ్ల పేరయ్యలు, ఇంతమంది చూసిన ఆ కోటును ఒకటేనని పట్టుకున్నది ఆమె ఒక్కతే. ఆమాటే అన్నాను కూడా.

"ఇంకేమేం అతికించినావు చెప్పు. తలకాయలన్నా వాండ్లవేనా?"

"తల ఒరిజినల్ మేడమ్. గ్యారంటీ."

"మొగాలు నువ్వు చూసినావా, అది చెప్పిందే రాసినావా?"

"చూసినా మేడమ్. అంతా కరెక్టే."

ఆ మాట నా నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యం. అబద్ధం చెప్పాలని కూడా అనుకోలేదు. గిరాకీ అడిగితే "అయిపోయింది, ఇప్పుడే ఇస్తా" అనడం ఎంత అలవాటో ఇదీ అంతే.

వాటిలో ఒకటి ఆమెకు నచ్చింది. ఎర్రగుంట్ల మనిషి. సిమెంటు ఫ్యాక్టరీలో కరెంటు పని. తన గురించి రాసుకోవాల్సిన చోట ఆస్తిపాస్తులు రాయకుండా "మాట్లాడేది తక్కువ, వినేది ఎక్కువ" అని రాసుకున్నాడట. "నాకు కావాల్సింది ఈయప్పే. నేనా, దినమంతా మాట్లాడేదాన్ని" అంది. ఫోటోకు నేను పెట్టిన వర్ణన ఆమెకు నోటికి వచ్చేసింది. వాళ్లు చూడటానికి వస్తున్నారని చెప్పి, "నువ్వు కూడా రాప్పా. మూలన కూచ్చోని నీ రాత సరిపోయిందో లేదో చూసుకో" అని పిలిచింది. నేను ఉబ్బిపోయాను. పెళ్లిచూపులకు స్టూడియోవాణ్ని పిలవడం ఎక్కడైనా ఉందా! ఉతికిన చొక్కా వేసుకుని పోయాను.

వాళ్ల అన్న ఇల్లు. ముందు గదిలో కుర్చీలు, ప్లేట్లలో ఉగ్గాని, బజ్జీ. ఆమె చెప్పిన మూలనే నేను కూర్చున్నాను. ఎర్రగుంట్ల మనిషి తల్లితో వచ్చాడు. మామూలు గళ్ల చొక్కా. లోపలికి వచ్చి, వెలుతురు వైపు తిరిగి కూర్చున్నాడు.

ఎడమ చెంప మీద కాలిన గుర్తు. చెవి కింద మొదలై దవడ మీదుగా మెడలోకి దిగింది. చర్మం ముడుచుకుని, అక్కడక్కడ మెరుస్తూ ఉంది.

అప్పటికీ నాకు వెలగలేదు. తల్లి నన్ను చూసి, ఎక్కడో చూసిన మనిషిని పలకరించినట్టు తలూపేసరికి వెలిగింది. ఆమె పుట్టిల్లు మా ఊరి పక్కన పల్లె. ఫోనులో కొడుకు ఫోటో తెచ్చి "కొంచెం నీటుగా చెయ్యి నాయనా" అని నా గల్లా ముందు నిలబడిన మనిషి. నేను చేశాను. కుడి చెంపను కత్తిరించి, తిరగేసి, ఎడమ చెంప మీద అతికించాను. టీ తాగినంతసేపు పట్టలేదు. తర్వాత అదే ఫోటో కాగితమై, పీడీఎఫ్ అయి, ఊళ్లు తిరిగి నా కంప్యూటరుకే వచ్చింది. కోటును గుర్తుపట్టాను. మనిషిని పట్టలేదు.

ఇప్పుడే లేచి టీచరమ్మ చెవిలో చెప్పాలి. ఎలా చెప్పాలి? గది నిండా జనం. నేను కుర్చీ అంచుకు జరిగానంతే, ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. అందరూ బిగుసుకుని ఉన్నారని ఆమెకు తెలుస్తోంది. గదిని తేలిక చేయాలనుకుంది. తరగతిలో పిల్లలతో అలాగే చేస్తుంది కాబోలు.

"మీరు నన్ను చూడ్డానికి వచ్చినారు గానీ, నేను మిమ్మల్ని ముందే చదివేసినా" అంది నవ్వుతూ. "చెప్పమంటారా? చామనఛాయ. నున్నని, మచ్చ లేని మొగం. దట్టమైన మీసం. పెదాల మీద చిరునవ్వు. సరిపోయిందా?"

వదిన చేతిలో నీళ్ల చెంబు అలాగే ఉండిపోయింది. వాళ్ల అన్న నేల చూశాడు. ఆమె నవ్వు మాత్రం ఇంకా ముఖం మీద అలాగే ఉంది, జవాబు కోసం. దాన్ని చూడలేకపోయాను.

అతను నిదానంగా అడిగాడు. "ఎవరు రాసినారండీ అది?"

"ఈడనే ఉండాడు చూడండి, మా స్టూడియో అప్ప" అని ఆమె సరిగ్గా నేనున్న మూలవైపు చెయ్యి చూపింది.

అతను నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. అలవాటైన వాటి వైపు చూసినట్టు చూసి, మళ్లీ ఆమె వైపు తిరిగాడు.

"ఎడమ చెంప మీద కాలిన మచ్చ ఉండాదండీ. చెవికాణ్నుంచి మెడదాంక. ఫ్యాక్టరీలో వేడి పొడి ఎగజిమ్మింది. ఫోటోలో తుడిచినారు. మా అమ్మకు వద్దనే చెప్పినా."

"తుడిస్తే ఏమైందిలే నాయనా, మనిషి ఎదురుగానే ఉండాడు గదా" అని తల్లి గొణిగింది.

"ఆయప్ప లోపలికి వచ్చినప్పుడే మేము చూసినాంలేమ్మా, నీకు నిదానంగా చెప్దామనుకున్యాం" అంది వదిన.

టీచరమ్మ నవ్వు పోవడానికి కొంతసేపు పట్టింది. ఎవరో దీపం వత్తి కొద్దికొద్దిగా తగ్గించినట్టు పోయింది. "తప్పుగా అనుకోవద్దండీ" అని ఒక్కమాట అని ఊరుకుంది. వాళ్లు మర్యాదకు కాఫీ తాగి లేచారు.

వాళ్లు పోయాక నేను కూడా జారుకోబోయాను. నా చెప్పుల చప్పుడు ఆమెకు తెలుసు.

"నిలబడప్పా. ఆ ఫోటో నువ్వు చూసినావా?"

"ఏఐ రాసింది మేడమ్. దానికి..."

"అది రాసిందని నాకు తెల్సు. నువ్వు చూసినావా?"

"లేదు మేడమ్." మిగతాది కూడా చెప్పాను. "తుడిచింది కూడా నేనే. గుర్తుకు రాలేదు."

"నాకు ఆయన మచ్చతో పనిలేదు. ఉంటే ఉండనీ. ఆయన మొగం ముందర కూచ్చోని, అందరూ చూస్తాండంగా, 'మచ్చ లేని మొగం' అంటి గదా! ఎవరన్నా కావాలని ఎగతాళి చేసినా అంతకంటే బాగా చేస్తారా? నా నోటితో చేయించినావు."

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి జనాన్ని ఎగతాళి చేస్తూనే ఉన్నాను. ఎవరిని ఎంత అనాలో, ఎక్కడ ఆపాలో నాకు తెలుసని గర్వం కూడా. నా జన్మలో అందరికంటే క్రూరమైన ఎగతాళి నేను నోరు తెరవకుండానే జరిగింది. జవాబుగా ఏదైనా చమత్కారం వస్తుందేమోనని నా నాలుక వెతికింది కూడా. ఆ వెతకడానికే ఎక్కువ సిగ్గేసింది.

రెండు మూడు రోజులు కొట్టు తీశానన్న మాటే గానీ చేతులు ఆడలేదు. ముఖాలు కడుగుతుంటే ప్రతి చెంప దగ్గరా మౌసు ఆగేది. "ఏమన్నా, నోరు పడిపోయిందా?" అని గిరాకీలే నన్ను ఆటపట్టించారు. చివరికి పొద్దుటూరు బస్సెక్కి, అక్కడ మారి, ఎర్రగుంట్లలో దిగాను. టీచరమ్మ పొమ్మనలేదు. ఆమె అడిగినట్టు రాసి ఇవ్వాలి, దానికి అతని అసలు ఫోటో కావాలి, అతను ఒప్పుకోవాలి అనుకున్నాను. అతన్ని క్షమాపణ అడగాలని కూడా ఉంది గానీ ఆ మాటలు బస్సులో ఎన్నిసార్లు కూర్చినా నాటకం డైలాగుల్లాగే వచ్చాయి.

ఫ్యాక్టరీ గేటు ఎదురుగా టీ కొట్టు. లారీలు బారులు తీరి ఉన్నాయి. అక్కడ వేపాకు కూడా బూడిద రంగే. షిఫ్టు దిగి వచ్చిన అతను నన్ను చూసి గుర్తుపట్టాడు. బల్ల మీద ఎదురుగా కూర్చున్నాడు.

"ఏంది, ఇంకా ఏమన్నా తుడిచేది మిగిలిందా?"

"రాసేదానికి వచ్చినా అన్నా. ఉన్నది ఉన్నట్టు. మేడమ్‌కి పంపుతా. మీరు ఒప్పుకుంటేనే."

అతను టీ గ్లాసును చాలాసేపు తిప్పాడు. నిజంగానే మాట్లాడేది తక్కువ.

"సంబంధాలు శానా పోయినాయప్పా" అన్నాడు చివరికి. "వచ్చినోళ్లు మొదట మొగం చూస్తారు, మల్ల గోడ చూస్తారు. ఈ సంబంధం చెప్పినప్పుడు నాకేమనిపించిందో తెల్సునా? ఈ ఒక్క ఇంట్లో నా మొగం సంగతి రాదులే, మనిషి సంగతే వస్తాది అనుకుంటి. కూచ్చున్న్యానో లేదో, మొదట వచ్చింది మొగమే."

నేను తల దించుకున్నాను. ఆ ఒక్క ఇంటికి కూడా అతని ముఖాన్ని మోసుకుపోయింది నేనే. అదీ అతనిది కాని ముఖం.

ఫోటో తీసుకొమ్మన్నాడు. నా ఫోనుతో తీశాను. చెయ్యి అలవాటుగా ఏఐ దగ్గరికి పోయింది. అది రాసింది: "గళ్ల చొక్కా ధరించిన పురుషుడు టీ దుకాణంలో కూర్చుని ఉన్నారు. ఎడమ చెంపపై నీడ పడింది." చదివి వినిపించాను.

"నీడనా? మిట్టమధ్యాన్నం యాడ నీడప్పా?" అని అతను మొదటిసారి నవ్వాడు. నవ్వితే ఆ చెంప పూర్తిగా పైకి లేవదు. పెదవి కుడివైపుకే పోతుంది. ఫోటోలో అది లేదు.

అది చెరిపేసి నేనే మొదలుపెట్టాను. ఒక వాక్యం రాస్తాను, వినిపిస్తాను. "వికారమైన" అని ఒక మాట రాయబోయి ఆపాను. "చిన్న మచ్చ" అన్నాను. "చిన్నదెందుకైతాది?" అన్నాడు. "పెద్ద" అంటే భయపెట్టినట్టుంది. అరచేతితో కప్పితే సరిపోయేంత అని రాశాను. అతను నిజంగానే అరచేయి పెట్టి చూసుకుని, సరే అన్నాడు. ఎడమ దవడ మీద గడ్డం మొలవదు. కళ్లకు ఏం కాలేదు. మాట వింటున్నప్పుడు తల కొంచెం పక్కకు వంచుతాడు. నవ్వు కుడివైపుకు పోతుంది. ఎవరి ముఖాన్నయినా అంతసేపు చూడటం నాకు అదే మొదలు. నా ముందు కూర్చుని అలా చూడనిచ్చినందుకు అతనికేమి చెప్పాలో తెలియలేదు. క్షమాపణ అప్పటికి కూడా నోటికి రాలేదు.

పూర్తయింది మళ్లీ మొత్తం చదివాను. "పంపు" అన్నాడు. ఆయన ముందరే కూర్చుని రాశానని పైన ఒక మాట చేర్చి పంపాను.

టీ కొట్టువాడు గ్లాసులు తీసుకుపోయాడు. ఇద్దరం లారీల వైపు చూస్తూ కూర్చున్నాం. అప్పుడు ఫోను మోగింది. నాది కాదు, అతనిది. తెలియని నంబరు కాబోలు, "ఎవరండీ?" అన్నాడు. వెంటనే నిటారుగా కూర్చున్నాడు.

"ఆ... చెప్పండి మేడమ్... ఈడనే ఉండాడు, నా ఎదురుగానే... ఆ, పంపినాడు... ఓహో." ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి నాతో అన్నాడు. "నువ్వు పంపింది తెరవలేదంట. తెరవనంటాండాది. మనిషిని అడిగితే పోయేదానికి రాతలెందుకు, మీ నోటితోనే చెప్పండి అంటాండాది."

ఎంత కష్టపడితే నాకు ఒక్కో మాట దొరికిందో చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పాలి? నా రాతను ఆమె ఇంక నమ్మదు, నమ్మాల్సిన పని కూడా లేదు.

అతను కాసేపు విన్నాడు. "నేను సరిగ్గా చెప్పలేనేమో మేడమ్" అన్నాడు. "మాట్లాడేది తక్కువ నాకు." అవతలి నుంచి ఏమందో, కుడివైపు పెదవి కదిలింది. గొంతు సవరించుకుని, తన చెంప మీద వేలు పెట్టి, చెవి దగ్గర మొదలుపెట్టాడు.

అది నేను వినే మాట కాదు. లేచి రోడ్డు దాటి, లారీల అవతల నిలబడ్డాను. అక్కడి నుంచి అతని వీపు మాత్రమే కనబడుతుంది. మైదుకూరు వైపు పోయే బస్సు వచ్చేదాకా, వచ్చి ఎక్కేదాకా అతను ఫోనులోనే ఉన్నాడు.